‘పొరను చీల్చుకుని’ అనవచ్చా?

ప్రశ్న: హైస్కూలు పిల్లల కోసం వైరస్‌ల మీద వ్యాసం రాస్తున్నాను. ‘ఫ్లూ వైరస్ పొరను చీల్చుకుని కణంలోకి వెళ్తుంది’ అన్నాను. చదివినవారు ‘చీల్చుకుని’ తీసేయమంటున్నారు. ఏం రాయాలి? రెండు పొరలు కలిసి ఒకటవడాన్ని (ఇంగ్లీషులో ‘ఫ్యూజన్’) విలీనం అనాలా, సంలీనం అనాలా?

జవాబు 1: తీసేయండి మేడమ్. ఫ్లూ వైరస్ ఎక్కడా దేన్నీ చీల్చదు. కణమే దాన్ని ఒక చిన్న తిత్తిలో పెట్టుకుని లోపలికి లాక్కుంటుంది. తిత్తిలో ఆమ్లత్వం పెరిగి పీహెచ్ 5 దగ్గరకు రాగానే, వైరస్ మీది హీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ ఆకారం మారుతుంది. అంతవరకూ లోపల దాగి ఉన్న కొస బయటికొచ్చి తిత్తి పొరలో దిగబడుతుంది. ఆపైన ప్రోటీన్ నడుం దగ్గర మడత పడి, వైరస్ పొరనూ తిత్తి పొరనూ దగ్గరికి లాగుతుంది.

ప్రతి పొరలోనూ కొవ్వు అణువులు రెండు వరుసలుంటాయి. ఎదురెదురుగా ఉన్న వరుసలు ముందు కలుస్తాయి. అవతలి వరుసలు కాసేపు విడిగానే ఉంటాయి. అవీ కలిశాక సన్నని రంధ్రం తెరుచుకుని, వైరస్ జన్యువులు కణంలోకి చేరతాయి. వైరస్ పొర తిత్తి పొరలోనే కలిసిపోతుంది. ‘చీల్చుకుని’ అంటే పిల్లలకు కళ్ల ముందు గాయం కనపడుతుంది, ఇంత అందమైన పని కనపడదు. నా ఓటు సంలీనానికే. కేంద్రక సంలీనం పాఠంలో ఆ మాట పిల్లలు వినే ఉంటారు.

జవాబు 2: సంలీనం సరే సార్. కానీ మన నాడీకణాల్లోనూ ఇదే జరుగుతుందని ఒక్క ముక్క చేర్చండి, మేడమ్. అక్కడ రసాయన సంకేతాలు నింపుకున్న బుడగలు కణం పొరతో కలుస్తాయి. బుడగ మీది సినాప్టోబ్రెవిన్, అవతలి పొర మీది సింటాక్సిన్, స్నాప్-25 అనే ప్రోటీన్లు నులక తాడులా పురి పడి పొరలను దగ్గరికి లాగుతాయి. కాల్షియం అందగానే బుడగ తెరుచుకుంటుంది. బొట్యులినమ్ విషం ఈ ప్రోటీన్లనే తెగ్గొడుతుంది, అందుకే కండరాలు చచ్చుబడతాయి. ఇలాంటి బుడగల రవాణా గుట్టు విప్పినందుకే 2013లో రాత్‌మన్, షెక్‌మన్, జ్యూడోఫ్‌లకు నోబెల్ వచ్చింది. బుడగ పొర చివరికి పెద్ద పొరలో భాగమైపోతుంది కాబట్టి, ఆ ఒక్కచోట ‘విలీనం’ కూడా నప్పుతుంది.

జవాబు 1: అవును సార్. ఇంకొకటి, మేడమ్. సంలీనం అన్ని వైరస్‌లకూ వాడకండి. జలుబు తెప్పించే అడినోవైరస్‌కు కొవ్వు పొరే లేదు, కలవడానికి ఏమీ ఉండదు. అది తిత్తి పొరను నిజంగానే చీల్చి బయటపడుతుంది. మీ ‘చీల్చుకుని’ని అక్కడ వాడుకోండి.