మెర్సెన్ సంఖ్య: 2047ను కూడా ఫెర్మా పరీక్ష పాస్ చేస్తోంది, ఎందుకు?

ప్రశ్న:
పైథాన్‌లో మెర్సెన్ సంఖ్యలు (ఎం = 2^పి − 1 రూపంలోనివి) ప్రధానాలో కాదో ఫెర్మా పరీక్షతో చూస్తున్నాను. 2ను (ఎం − 1) ఘాతానికి హెచ్చించి ఎం-తో భాగిస్తే శేషం 1 వస్తే పాస్. కానీ 2^11 − 1, అంటే 2047కూ 1 వస్తోంది. అది 23 × 89 కదా! ఇంకొకటి, 2^136279841 − 1లో 4,10,24,320 అంకెలు ఉన్నాయంటారు, నాకు ఒకటి ఎక్కువ వస్తోంది.

జవాబు 1:
కోడ్ సరిగ్గానే ఉందండీ, 2 ఆధారమే ఇక్కడ పనికిరాదు. ఎం = 2^పి − 1 కాబట్టి 2^పిని ఎం-తో భాగిస్తే శేషం 1. పి ప్రధానమైతే ఎం − 1, అంటే 2^పి − 2, పితో నిశ్శేషంగా భాగింపబడుతుంది. అందుకే ఎం ఏదైనా సరే 1 వచ్చి తీరుతుంది. 3తో చేయండి: 3^2046ను 2047తో భాగిస్తే శేషం 1013, దొంగ దొరికాడు. 2024 అక్టోబరులో గింప్స్ (మెర్సెన్ ప్రధానాలను వెతికే ఉమ్మడి కంప్యూటర్ ప్రాజెక్టు) వాళ్లకు ఆ పెద్ద సంఖ్య ముందు చిక్కింది కూడా 3తో చేసిన ఫెర్మా పరీక్షలోనే. అయితే అక్కడికి అది 'బహుశా ప్రధానం' మాత్రమే. రుజువు కావాలంటే లూకాస్–లేమర్ పరీక్ష చేయాల్సిందే: 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి ఎం-తో భాగించి శేషం తీయడం, ఇలా పి − 2 సార్లు. చివరికి 0 వస్తే ప్రధానం.

ప్రశ్న అడిగినవారు:
అదీ రాశాను. 127ను (పి = 7) ప్రధానం కాదంటోంది. వేగం కోసం భాగహారం మానేసి, పి బిట్లకు పైనున్న భాగాన్ని కిందికి జరిపి కూడుతున్నాను.

జవాబు 2:
ఇబ్బంది అక్కడే. వరుస 4, 14, 67, 42, 111. తర్వాత 111 × 111 − 2 = 12319 = 96 × 128 + 31. మీ పద్ధతిలో 96 + 31 = 127 వస్తుంది, 0 రాదు. ఫలితం ఎం-తో సమానమైతే దాన్ని 0 చేసే షరతు ఒకటి పెట్టండి. కూడాక కూడా పి బిట్లు దాటితే మళ్లీ అలాగే జరిపి కూడాలి. పి = 2 మాత్రం ఈ పరీక్షకు లొంగదు, దాన్ని విడిగా చూసుకోండి.

జవాబు 3:
అంకెల సంగతి: అంకెలు లెక్కించడానికి ఘాతాన్ని 2 లాగ్ (10 ఆధారంగా) విలువతో గుణిస్తాం, మీరు దాన్ని 0.30103 అని వేసుంటారు. అసలు విలువ 0.301029995664. తేడా చిన్నదే, కానీ 13.6 కోట్లతో గుణిస్తే 0.59 అవుతుంది. సరైన లబ్ధం 4,10,24,319.945, పూర్ణాంక భాగానికి 1 కలపాలి. ఆ 0.945 వృథా కాదు: 10^0.9453 సుమారు 8.817, అంటే సంఖ్య 8817తో మొదలవుతుందని అంచనా. కచ్చితంగా 8816943... చివరి మూడంకెలకు మొత్తం సంఖ్య అక్కర్లేదు, 2^136279841ను 1000తో భాగిస్తే శేషం 552, ఒకటి తీస్తే 551. మొత్తం అచ్చు వేయాలనుకుంటే పైథాన్ 3.11 నుంచి 4300 అంకెలు దాటితే వాల్యూ ఎర్రర్ ఇస్తుంది, ముందు ఆ పరిమితి ఎత్తేయండి.