హామ్ బీన్స్ సూపు: గింజ ఉడకలేదు, ఏం చేయాలి?

మాది గుంటూరు, బ్రాడీపేట. అమెరికా నుంచి వచ్చిన మా అమ్మాయి పంది మాంసం, రాజ్మా వేసి చేసే హామ్ బీన్స్ సూపు అడిగింది. పావుకిలో రాజ్మా రాత్రంతా నానబెట్టా. పొద్దున ఉల్లిపాయ, క్యారెట్, నాలుగు టమాటాలు, హామ్ ముక్కలు, ఉప్పు అన్నీ ఒకేసారి కుక్కర్లో వేశా. ఎనిమిది విజిల్స్ వచ్చినా గింజ నొక్కితే వేళ్ళ మధ్య నుంచి రాయిలా జారిపోతోంది. పైగా ఉప్పుకషాయం. పిల్ల ఎల్లుండి వెళ్ళిపోతుంది, కడుపు నిండా పెట్టి పంపాలని నా ఆరాటం.

విజయవాడ నుంచి:
టమాటాల వల్లేనండి. పులుపు తగిలితే గింజ త్వరగా మెత్తబడదు. మనం పప్పు ఉడికాకే చింతపండు పులుసు పోసేది అందుకేగా! నానిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో ముందు గింజలు మాత్రమే 10 నిమిషాలు కుతకుతా ఉడకనిచ్చి, తర్వాత మూత పెట్టండి. సగం ఉడికిన రాజ్మా మాత్రం పిల్లకి పెట్టకండి, వాంతులవుతాయి.

తెనాలి నుంచి:
హామ్ అంటేనే ఉప్పులో ఊరిన పంది మాంసం కదక్కా, విడిగా ఉప్పెందుకు? చివర్లో రుచి చూసి వేసుకో. బోరు నీళ్ళయితే చిటికెడు వంటసోడా వెయ్యి. గరిటెడు గింజలు మెదిపి కలిపితే చిక్కబడుతుంది.

గుంటూరు అక్క:
ఈసారి టమాటాలు ఆఖర్న వేశా. గింజ వేలితో నొక్కితే వెన్నలా నలిగింది. పిల్ల రెండు గిన్నెలు తాగి, మూడోది అన్నంలో కలుపుకుంది.