ఉప్పుటేరు పక్కన బీడు: పార్కు చేయాలా, మడ పెంచాలా?

గోదారి గట్టు:
కాకినాడలో ఉప్పుటేరు పక్కనున్న బీడును మెరక చేసి పార్కు కట్టాలని మా వీధివాళ్లు అడుగుతున్నారు. ఉప్పునీటి బురదలో పెరిగే మడ చెట్లే పెంచాలని కొందరు పట్టుబడుతున్నారు. నేను పార్కు వైపే. పిల్లలు ఆడుకోవడానికి రోడ్డు తప్ప చోటు లేదు. చీకటి పడితే ఆడవాళ్లు అటు వెళ్లలేరు. మడ కావాలంటే కోరంగిలో 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది కదా!

మడపిట్ట:
మీ బాధ నిజమేనండీ. కానీ సముద్రపు పోటు తగ్గి నీరు తీసిన వేళ ఒకసారి అక్కడ నిలబడి చూడండి. మిగిలిన తెల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా వేళ్లు పైకి లేచి ఉంటాయి. చెట్టు వేళ్లకు గాలి అందేది వాటి నుంచే. వాటి మీద మట్టి పోస్తే చాలు, గొడ్డలి పట్టకుండానే చెట్టు నిలువునా ఎండిపోతుంది.

అసలది బీడు ఎందుకైంది? గట్టు వేసి పోటు నీటికి దారి మూసేశారు. పల్లంలో నిలిచిన నీరు ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంది. అంత ఉప్పులో మడ గింజ కూడా బతకదు. మొక్కలు నాటి ఫొటోలు దిగితే ఒరిగేదేమీ లేదు, ముందు నీటిని రానివ్వాలి. గోదావరి, కృష్ణా మడ అడవుల్లో స్వామినాథన్ పరిశోధన సంస్థ చేసింది ఇదే. పోటు లోపలికి వచ్చి పోయేలా చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, ఆ తర్వాతే మొక్కలు నాటించింది.

కోరంగి ఎంత పెద్దదైనా మీ వీధి వాన నీటిని అది మోయదు. ఆ నీరు ఏటిలోకి దిగేది ఈ పల్లం మీదుగానే. దాన్ని మెరక చేస్తే నీరు ఎవరి ఇళ్లలోకి వస్తుందో మీకే తెలుసు.

కాలువ కింద రైతు:
పార్కులో పచ్చికకు నీళ్లెక్కడివి? అక్కడ బోరు వేస్తే ఉప్పునీరే. వేసవిలో కాలువలు కట్టేస్తే తాగునీటికే చెరువుల వైపు చూస్తాం.

గోదారి గట్టు:
దోమల మాటేమిటి?

మడపిట్ట:
ఇప్పుడున్న నిలవ నీరే వాటి పుట్టిల్లు. రోజుకు రెండుసార్లు పోటు వస్తే నీరు కదులుతుంది, చిన్న చేపలు లోపలికొచ్చి దోమ పిల్లల్ని తింటాయి.

గోదారి గట్టు:
సరే. రోడ్డు వైపు ఇప్పటికే పూడ్చిన చోట ఆటస్థలం, దీపాలు, కాపలా కావాలి. అవి లేకుండా మడ ఒక్కటే అంటే మా వీధి ఒప్పుకోదు.

మడపిట్ట:
ఆ చోటు పిల్లలదే, అర్జీ మీద నేనూ సంతకం పెడతాను. గట్టుకు తూములు మాత్రం వానలకు ముందే పడాలి. అది కూడా అర్జీలో రాయండి.