విశ్వం వేగం 67 ఆ, 73 ఆ? తప్పు కొలతలోనా, సిద్ధాంతంలోనా?

యేర్పేడు ప్యాసింజర్: మొన్న రాత్రి కరెంటు పోతే మిద్దె మీద పడుకున్నాం. "నాన్నా, విశ్వం ఎంత స్పీడుగా పెరుగుతోంది?" అంది మా పాప. ఫోన్లో చూస్తే రెండు జవాబులు. ప్లాంక్ ఉపగ్రహం లెక్క 67.4, ఖగోళ శాస్త్రవేత్త ఆడమ్ రీస్ బృందం లెక్క 73. అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు అన్ని కిలోమీటర్లు. దీన్నే హబుల్ టెన్షన్ అంటారట. ఎవరో ఒకరు తప్పు కొలిచారని నా అనుమానం. ఏమంటారు?

మెట్లదారి: నేనూ అదే అంటా సామీ. రీస్ వాళ్లది మెట్ల లెక్క. దగ్గరి నక్షత్రాల దూరం, భూమి సూర్యుడి చుట్టూ తిరిగేకొద్దీ అవి పక్కకు జరిగినట్టు కనిపించే తేడాతో, అంటే పారలాక్స్‌తో, దాన్ని పట్టుకుని సెఫీడ్లు (వెలుగు క్రమంగా పెరిగి తగ్గే తారలు), వాటిని పట్టుకుని సూపర్నోవాలు (పేలిపోయే తారలు). అలిపిరిలో మొదటి మెట్టు కొలత తప్పితే పైదాకా తప్పే కదా. సెఫీడ్ వెలుగులో పక్క నక్షత్రాల వెలుగు కలిసినా అంతే.

చిత్తూరు తోతాపురి: ఆ అనుమానం పాతదన్నా. హబుల్ టెలిస్కోప్ చూసిన సెఫీడ్లనే జేమ్స్ వెబ్ మరింత విడివిడిగా చూసింది, వెయ్యికి పైనే. లెక్క మారలేదు.

మెట్లదారి: మరి ఇంకో ఖగోళ శాస్త్రవేత్త వెండీ ఫ్రీడ్‌మన్ వాళ్లు సెఫీడ్లు వదిలేసి ఎర్రని పెద్ద తారలతో కొలిస్తే 2019లో 69.8 ఎందుకొచ్చింది?

కరకంబాడి రోడ్డు: విశ్వం పెరిగితే నా యాభై అంకణాల ప్లాటు కూడా పెరుగుతుందా?

చిత్తూరు తోతాపురి: పెరగదు, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పరిగెత్తొద్దు 😄 భూమి, సూర్యుడు, మన గెలాక్సీ గురుత్వాకర్షణతో కట్టుబడి ఉన్నాయి. సాగేది గెలాక్సీ గుంపుల మధ్య ఖాళీ.

69.8 సంగతి నాకూ ముల్లే, ఒప్పుకుంటా. కానీ ప్లాంక్‌ది నేటి వేగాన్ని నేరుగా కొలిచిన సంఖ్య కాదు. మహావిస్ఫోటం తర్వాత 3.8 లక్షల ఏళ్లకు బయల్దేరిన వెలుగును చూసి, ఒక సిద్ధాంతం ప్రకారం ఇప్పటిదాకా దించిన లెక్క. మీ మెట్ల మాటే తీసుకోండి. ఒకడు అలిపిరి నుంచి ఎక్కుతున్నాడు. ఇంకొకడు మెట్టు ఇంత ఎత్తుంటుందని ముందే అనుకుని కొండ మీది నుంచి దిగుతున్నాడు. గాలిగోపురం దగ్గర కలవాల్సినవాళ్లు కలవలేదు. ఎక్కేవాడినే ఎందుకు తిట్టాలి?

కరకంబాడి రోడ్డు: విశ్వం పెరిగే వేగాన్ని ఇంకా పెంచే కృష్ణశక్తి (డార్క్ ఎనర్జీ) మారుతోందని, గెలాక్సీల మ్యాపు గీసే డెసి సర్వే వాళ్లు అంటున్నారుగా, దాంతో తీరిపోదా?

చిత్తూరు తోతాపురి: అది సూచనే, ఇంకా తేలలేదు. తేలినా ఈ తేడాను అది పూడ్చదు.

మెట్లదారి: మెట్లే లేని దారి ఒకటుంది. 2017లో రెండు న్యూట్రాన్ తారలు (పేలిన తారల్లో మిగిలిన దట్టమైన ముద్దలు) ఢీకొన్నప్పుడు వచ్చిన గురుత్వ తరంగాలతో, అంటే అంతరిక్షంలోనే పుట్టే అలలతో, దూరం నేరుగా తెలిసింది. జవాబు 70. కాకపోతే 62 నుంచి 82 దాకా ఏదైనా కావచ్చు! అలాంటివి ఇంకా బోలెడు దొరికేదాకా నేను కొలత తప్పనే అంటా.

యేర్పేడు ప్యాసింజర్: పాపకు "డెబ్బైకి అటూ ఇటూ" అని చెప్పా. "అటా, ఇటా?" అంటోంది.