నాన్నగారి జిమ్నాస్టిక్స్ కేంద్రం కోసం ఐటీ ఉద్యోగం మానవచ్చా?

ప్రశ్న:

నేను హైదరాబాదులో ఒక ఐటీ సంస్థలో డెలివరీ మేనేజరుగా పనిచేస్తున్నాను. మా నాన్నగారు ఒకప్పుడు రాష్ట్రస్థాయి జిమ్నాస్టు. ప్రభుత్వోద్యోగం నుంచి విరమించాక కూకట్‌పల్లి వైపు సొంత స్థలంలో షెడ్డు వేసి పిల్లలకు నేర్పిస్తున్నారు. సుమారు నూట ఇరవై మంది పిల్లలు వస్తారు, కోచ్‌లు ఇద్దరున్నారు, ఫీజులు, లెక్కలు అమ్మ చూసుకుంటుంది. మోకాలి శస్త్రచికిత్స తర్వాత పిల్లలకు చేయి ఆసరా ఇచ్చి వాల్ట్ (పరుగెత్తుకొచ్చి బల్ల మీదుగా ఎగిరి దూకడం) చేయించడం నాన్నగారి వల్ల కావడం లేదు. నన్ను వచ్చి చూసుకోమంటున్నారు, లేకపోతే షెడ్డు అద్దెకిచ్చేస్తానంటున్నారు. చిన్నప్పుడు నేనూ నేర్చుకున్నాను గానీ శిక్షకుడిని కాను. గృహరుణం ఇంకా తీరలేదు. ఖర్చులు పోగా అక్కడ మిగిలేది నా జీతంలో మూడో వంతు మాత్రమే. ఇటువంటి మార్పు చేసినవారు ముందుగా ఏం చూసుకోవాలో చెప్పగలరని మనవి.

జవాబు 1:

విశాఖపట్నంలో మా అత్తగారు ప్రారంభించిన ఇటువంటి కేంద్రాన్నే నేను బ్యాంకు ఉద్యోగం మాని నడుపుతున్నాను. మీరు చెప్పిన "మిగిలేది" అన్న లెక్కను ముందు మళ్లీ వేయండి. అందులో నాన్నగారి శ్రమకు, అమ్మగారి శ్రమకు జీతం లేదు, స్థలానికి అద్దె లేదు. రేపు నాన్నగారి స్థానంలో పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌.ఐ.ఎస్‌.లో డిప్లొమా చేసిన కోచ్‌ను పెట్టుకుంటే, ఆ జీతం పోగా మిగిలేదే మీ అసలు ఆదాయం. అది షెడ్డు అద్దె కంటే తక్కువగా తేలితే అద్దెకివ్వడమే నయం. ఈ మాట మీ నాన్నగారికి రుచించకపోవచ్చు.

ఇక ఆదాయం ఏ పిల్లల నుంచి వస్తుందో గమనించండి. మన హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచినప్పటి నుంచి పతకం ఆశతో పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులు ఉన్నారు. అయితే ఏడో తరగతికి వచ్చేసరికి ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు మొదలై, చక్కగా చేస్తున్న పిల్లలే ముందు మానేస్తారు. మా కేంద్రాన్ని నిలబెడుతున్నది నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లల బ్యాచ్‌లే. పోటీలకు వెళ్లే పిల్లలకు కోచ్ సమయం ఎక్కువ పడుతుంది, పరికరాలూ ఎక్కువ కావాలి. అందువల్ల వారి ఫీజు వారి ఖర్చుకే చాలదు. వారిని వదులుకోమని నా ఉద్దేశం కాదు, ఎంతమందిని మోయగలరో తెలిసి మోయమంటున్నాను. వేసవి శిబిరంతో ఏప్రిల్, మే నెలలు నిండుగా ఉంటాయి, జూన్‌లో బడి ఫీజులు కట్టిన ఇళ్ల నుంచి మన ఫీజు ఆలస్యంగా వస్తుంది. పని వేళలు సాయంత్రాలు, శని ఆదివారాలు కనుక మీ పిల్లలు ఇంట్లో ఉండే సమయంలోనే మీరు ఇంట్లో ఉండరు. ఈ సంగతి మీ ఆవిడగారితో మాట్లాడకుండా రాజీనామా రాయకండి.

జవాబు 2:

నేను చార్టర్డ్ అకౌంటెంటును. కేంద్రం మీ నాన్నగారి సొంత వ్యాపారంగా ఉంటే జీఎస్టీ నమోదు ఆయన పాన్‌తోనే ముడిపడి ఉంటుంది. మీ పేరిట మారితే కొత్త నమోదు తీసుకోవాలి. ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటితే నమోదు తప్పనిసరి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఫిట్‌నెస్ కేంద్రాల సేవలపై పన్ను 5 శాతానికి తగ్గింది గానీ, క్రీడాశిక్షణ కూడా ఆ కోవలోకే వస్తుందని మీ అంతట మీరే అనుకోకండి. మీ కేంద్రం ఏ వర్గంలోకి వస్తుందో సలహాదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. తండ్రీకొడుకులు భాగస్వామ్య పత్రం రాసుకోవడం మేలు, తోబుట్టువులు ఉన్నవారికి మరీ మేలు. ఉద్యోగం వదిలాక రుణం అడిగితే బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల వ్యాపార రిటర్నులు చూపమంటాయి కనుక, గృహరుణాన్ని మార్చుకోవాలన్నా పెంచుకోవాలన్నా జీతం ఉండగానే చేయండి. సంస్థ ఇచ్చిన ఆరోగ్య బీమాను వ్యక్తిగత పాలసీగా మార్చుకునే అవకాశం ఉందేమో కూడా ఇప్పుడే అడగండి.

జవాబు 3:

నా కూతురు జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది కనుక ఒక తల్లిగా రాస్తున్నాను. పోటీల్లో వాడే బీమ్ (పిల్లలు నడిచే సన్నని దూలం) నేల నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తున, 10 సెంటీమీటర్ల వెడల్పుతో ఉంటుంది. చిన్నపిల్లలు దాని మీద కాక నేల మీది బీమ్‌పై ఎన్నో నెలలు నడవాలి. మీ షెడ్డులో అది ఉందా, మ్యాట్లు నలిగిపోయాయా అన్నది నేను మొదట చూస్తాను. ఇంకొక ముఖ్యమైన సంగతి: ఈ క్రీడలో కోచ్ చేయి పిల్లల ఒంటిపై పడక తప్పదు. ఎక్కడ పట్టుకుంటారో, ఎందుకు పట్టుకుంటారో చేరిన రోజే తల్లిదండ్రులకు వివరించాలి. తల్లిదండ్రులు కూర్చుని చూసే చోటు ఉండాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగినట్టు తెలిసి చెప్పకపోవడం నేరం. సిబ్బంది చేసిన నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి జైలుశిక్ష కూడా పడవచ్చు. మీరు వెళ్తే ఆ బాధ్యుడు మీరే అవుతారు.

అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. కోచ్ జీతం కూడా తీసేసి లెక్క వేస్తే మిగిలేది దాదాపు సగానికి తగ్గింది. అయినా అద్దె కంటే కొంచెం ఎక్కువే ఉంది. పగలంతా షెడ్డు ఖాళీగా ఉంటుంది కనుక దగ్గరలోని ప్రీస్కూళ్లతో మాట్లాడాలనుకుంటున్నాను. కోచ్ వెళ్లిపోతే పిల్లలు కూడా ఆయన వెంటే వెళ్తారన్న భయం మాత్రం ఉంది.

జవాబు 1:

వెళ్తారు, కొంతమంది తప్పక వెళ్తారు. అందుకే ఒక్కో బ్యాచ్‌కు ఇద్దరు కోచ్‌లను వంతులవారీగా మార్చండి. పిల్లల ప్రగతిని మీరే నెలనెలా తల్లిదండ్రులకు చెప్పండి. ప్రీస్కూళ్లతో ఒప్పందం కుదిరాకే రాజీనామా ఇవ్వండి. మీ నాన్నగారిని షెడ్డుకు రావద్దని అనకండి, కుర్చీలో కూర్చున్నా సరే, "మాస్టారు ఉన్నారా?" అని అడిగి చేర్పించే తల్లిదండ్రులు ఇంకా చాలామంది ఉన్నారు.