ఆగ్రహమా, నిగ్రహమా?

కొండవాగు: ఒక వాక్యం రెండ్రోజులుగా బుర్ర తినేస్తోంది. కొడుకు, ఇంగ్లండు రాజు రిచర్డ్ జర్మనీలో ఖైదులో ఉన్నప్పుడు, 1193లో, ఎలినార్ ఆఫ్ అక్విటేన్ పేరుతో పోప్‌కి రాసిన ఉత్తరంలోది. "దేవుని ఆగ్రహం వల్ల ఇంగ్లండు రాణి" అనా, "నిగ్రహం వల్ల" అనా? తెలుగులోనే చదివాను, ఆ ఒక్క అక్షరం గుర్తు రావట్లేదు.

పాతచొక్కా: ఆగ్రహమే అయ్యుంటుందండీ. రాజులంతా "దేవుని అనుగ్రహం వల్ల" అని రాసుకునేవారు, ఈవిడ దాన్ని తిరగేసింది. లాటిన్లో గ్రాషియా (అనుగ్రహం) తీసేసి ఇరా (కోపం) పెట్టాల్సొచ్చింది, మనకైతే "ను" ఎగరగొట్టి దీర్ఘమిస్తే చాలు. మూలం కంటే అనువాదమే బాగా కుదిరింది!

వరహాలు: ఆగండి మాస్టారూ. అక్కడున్నది "ఇన్ ఇరా దేయి", అంటే "దేవుని కోపంలో". "వల్ల" ఎక్కడుంది? దేవుడు కోపగించి రాణిని చేశాడా, రాణయ్యాక కోపగించాడా, తేడా లేదూ? పైగా సంస్కృతంలో ఆగ్రహమంటే పట్టుదల, సత్యాగ్రహంలో ఉన్నది అదే. కోపం మన తెలుగు అర్థం. నిగ్రహమే నయం, దానికి శిక్ష అనే అర్థం కూడా ఉంది.

కొండవాగు: ఇప్పుడు నిగ్రహమంటే ఓర్చుకోవడమేగా? 1173 నుంచి 1189 దాకా మొగుడు, ఇంగ్లండు రాజు రెండో హెన్రీ బంధించి ఉంచితే భరించిన మనిషి, నిగ్రహం ఆవిడకుండాలి గానీ దేవుడికి కాదు.

చాదస్తం: అసలు ఆ మాట ఆవిడదేనా? ఉత్తరం దొరికింది పీటర్ ఆఫ్ బ్లువా అనే చర్చి పండితుడి లేఖల సంకలనంలో. లాటిన్ ఆయనది.

వరహాలు: గంటం ఎవరిదైతేనేం, కోపం ఆవిడది. 1137లో తండ్రి పోతే నైరుతి ఫ్రాన్సులోని అక్విటేన్ మొత్తం ఆ పిల్లకొచ్చింది, ఆ ఏడే ఫ్రాన్సు యువరాజు లూయీతో పెళ్లి చేసేశారు. 1152లో ఆ పెళ్లి రద్దయితే రాజ్యాన్ని వెంటబెట్టుకుని బయటికొచ్చి, రెండు నెలలు తిరక్కుండానే హెన్రీని చేసుకుంది. అలాంటావిడ మాట చెప్పి రాయించుకోలేదంటారా?

పాతచొక్కా: తాత పోలికండీ! రచనలు దొరికిన ట్రుబడూర్లలో, అంటే పాటలు కట్టే ఆనాటి కవుల్లో, మొట్టమొదటివాడు, తొమ్మిదో విలియం. ఒట్టి శూన్యం మీద పద్యం చెప్తానని మొదలుపెట్టి, గుర్రం మీద నిద్రపోతూ కట్టానన్నాడు. అంత కొంటెతనం ఉన్న ఇంట్లో అనుగ్రహాన్ని ఆగ్రహం చేయడం ఒక లెక్కా.

చాదస్తం: ఆయన కట్టింది దక్షిణ ఫ్రాన్సు భాష ఆక్సిటన్‌లో, లాటిన్లో కాదు. మధ్యలో ఆయనెందుకు?

పాతచొక్కా: ఆయన లేకుండా ఈ ఇంటి గురించి మాట్లాడతారా ఎవరైనా?

కొండవాగు: బాబూ, నా "ని" సంగతి?

వరహాలు: ముందు "వల్ల" తేలనివ్వండి.