అప్‌డేట్: ధూళి కవచం లోపల ఉన్నది కార్బన్ తారే

సాయం చేసిన అందరికీ థాంక్స్. నా ప్రశ్న ఇదీ: దట్టమైన ధూళిలో దాగిన ఒక ఐరాస్ మూలం (ఐరాస్ అనే పరారుణ ఉపగ్రహం గుర్తించిన వస్తువు) స్పెక్ట్రంలో 11.3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉబ్బు ఉంది, అంటే అక్కడ కాంతి ఎక్కువ, లోపలి తార ఏ రకం?

3.1 మైక్రాన్ల దగ్గర చూడమన్న సలహాతోనే తేలింది. ఐఎస్‌ఓ అనే మరో పరారుణ ఉపగ్రహం పాత డేటా 2.4 నుంచి 45 మైక్రాన్ల దాకా ఉంటుంది కాబట్టి అన్నీ ఒకేచోట దొరికాయి. 3.1 దగ్గర హైడ్రోజన్ సయనైడ్, ఎసిటిలీన్ శోషణ (ఆ వాయువులు కాంతిని మింగిన గుర్తు) లోతుగా ఉంది. 13.7 దగ్గర ఎసిటిలీన్ మళ్లీ కనిపించింది. అంటే కార్బన్ తార, వాతావరణంలో ఆక్సిజన్ కంటే కార్బన్ ఎక్కువున్న తార. ఆ ఉబ్బు సిలికాన్ కార్బైడ్‌ది. పీఏహెచ్ అణువులదైతే (కార్బన్ వలయాలతో ఏర్పడేవి) 6.2, 7.7, 8.6 దగ్గర కూడా తోడు రావాలి, రాలేదు.

ఇక్కడ అనంతపురంలో మా గైడ్ మేడమ్ ఒక మాట గట్టిగా చెప్పారు: ఒక్క ధూళిని చూసి తారను తేల్చకూడదని. మామూలుగా ఆక్సిజన్ ఎక్కువున్న తారల దగ్గర ఉండే, 9.7 మైక్రాన్ల దగ్గర కనిపించే సిలికేట్ ధూళి కార్బన్ తార చుట్టూ ఉన్న సందర్భాలు 1986 నుంచే తెలుసు. ధూళి తార కార్బన్ తారగా మారకముందటి పాతది కావచ్చు, అందుకే వాయువుల శోషణ చూడాలి. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే.

బి-వి రంగు (నీలి, దృశ్య ఫిల్టర్లలో ప్రకాశం తేడా), దూరం లెక్కలు అవసరం పడలేదు. ఆ దృశ్యకాంతిని కవచమే మింగేస్తోంది.